పదేళ్ల బ్యాటరీ, ఐదేళ్ల సర్కారు

ఎడమ భుజం వైపు, కాలర్ ఎముకకు కొద్దిగా దిగువన చర్మం ఉబ్బి ఉంటుంది. చొక్కా వేసుకుంటే బయటికి తెలియదు. లోపల ముప్పై గ్రాములకు అటూ ఇటూ తూగే టైటానియం డబ్బా, అందులోంచి రక్తనాళం గుండా గుండె గదుల్లోకి దిగిన ఒకటో రెండో సన్నని తీగలు. పట్టణాల్లో పేస్‌మేకర్ అంటారు. పల్లెల్లో గుండెకు మిషన్ పెట్టారంటారు. పెట్టించుకున్న మనిషి మొదటి ఏడాదంతా దాన్ని తడుముకుంటూ గడుపుతాడు. మూడో ఏటికి మరచిపోతాడు. ఎనిమిదో ఏటనో పదో ఏటనో ఒక తనిఖీలో, ఛాతీ మీద పరికరం ఆనించి తెర మీద అంకెలు చూస్తున్న కుర్రాడు తలెత్తి, బ్యాటరీ చివరికొచ్చింది, రెండు మూడు నెలల్లో మార్పించుకోండి అంటాడు. ఆ కుర్రాడు వైద్యుడు కాడు. ఆసుపత్రి ఉద్యోగి కూడా కాకపోవచ్చు. చాలాచోట్ల ఆ పేస్‌మేకర్‌ను అమ్మిన కంపెనీ ప్రతినిధి. ఒక పౌరుడి గుండెను నడిపే యంత్రం ఇంకెంతకాలం పనిచేస్తుందన్న సమాచారం ఈ దేశంలో ముందుగా అందేది అతనికి. ఆ తర్వాత వైద్యుడికి, ఆ తర్వాత కుటుంబానికి. ఆ యంత్రాన్ని ప్రజాధనంతో అమర్చిన ప్రభుత్వానికి మాత్రం ఆ కబురు చేరే దారే లేదు.

బ్యాటరీ మార్చడమంటే గోడ గడియారంలో పాతది తీసి కొత్తది వేయడం వంటి పని అనుకునేవారు చాలామంది. పేస్‌మేకర్‌లో బ్యాటరీని విడిగా తీయడానికి వీల్లేదు. నీరు, రక్తం చొరబడకుండా డబ్బాను శాశ్వతంగా మూసివేస్తారు కనుక డబ్బా మొత్తాన్నే మార్చాలి. పాత గాటును మళ్లీ కోసి, డబ్బాను వెలికి తీసి, తీగలు బాగున్నాయో లేదో పరీక్షించి, కొత్త డబ్బాకు వాటిని తగిలించి తిరిగి కుట్లు వేస్తారు. అంతా సాఫీగా సాగితే గంట లోపు పని. ఆ చోటికి మత్తు ఇస్తే చాలు. అందువల్లనే దీన్ని చిన్న ఆపరేషన్ అంటారు. అయితే మొదటిసారి అమర్చినప్పటి కంటే ఈ రెండోసారి ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువన్నది హృద్రోగ వైద్యులందరికీ తెలిసిన విషయం. పాత మచ్చ కింద గట్టిపడిన కణజాలంలో రక్తప్రసరణ తక్కువ. సూక్ష్మజీవి చేరితే శరీరం పోరాడలేదు. 2010లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, డబ్బా మాత్రమే మార్చిన రోగుల్లో 4 శాతం మందికి ఆరు నెలల్లో తీవ్రమైన ఇబ్బందులు తలెత్తాయి. అదే సమయంలో కొత్త తీగ కూడా వేయాల్సి వచ్చినవారిలో అది 15 శాతం దాటింది. ఇన్ఫెక్షన్ సోకితే కొత్త డబ్బాతోపాటు ఏళ్ల తరబడి గుండె గోడకు అతుక్కుపోయిన తీగలనూ పెకలించాల్సి రావచ్చు. అది చిన్న ఆపరేషన్ కాదు. దాన్ని చేయగల కేంద్రాలు మన దేశంలో మహానగరాలకే పరిమితం.

గుండెపోటు చెప్పి రాదు. రోడ్డు ప్రమాదమూ అంతే. పేస్‌మేకర్ మార్పిడి మాత్రం మొదటి పరికరం అమర్చిన రోజునే దాదాపుగా ఖరారైపోయే శస్త్రచికిత్స. పరికరం రకాన్ని బట్టి, అది ఎంత తరచుగా గుండెను తట్టాల్సి వస్తోందన్న దాన్ని బట్టి ఏడేళ్లా పన్నెండేళ్లా అన్న తేడా ఉండవచ్చు గాని, అది వచ్చి తీరుతుంది. అరవై ఏళ్ల వయసులో మొదటిది పెట్టించుకుని ఎనభై దాటి బతికిన వ్యక్తికి కనీసం ఒకటి, బహుశా రెండు మార్పిడులు తప్పవు. పుట్టుకతోనే గుండె లయలో లోపమున్న పిల్లలకైతే జీవితకాలంలో అరడజను. ఇంత ముందుగా తెలిసిన ఖర్చును, ఇంత ముందుగా తెలిసిన ముప్పును ఏ ప్రభుత్వమూ తన లెక్కల్లో రాసుకోకపోవడం వైద్యశాస్త్రపు లోపం కాదు. రాజకీయాల లోపం.

తెలుగువారికి దీనికంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు. 2007 ఏప్రిల్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీని ప్రారంభించింది. గుండె శస్త్రచికిత్సలు ఆ పథకానికి ముఖచిత్రం. అంతకుముందు కార్పొరేట్ ఆసుపత్రి గుమ్మం తొక్కడానికి జంకిన కుటుంబాలు తెల్లకార్డు పట్టుకుని లోపలికి వెళ్లాయి. శాశ్వత పేస్‌మేకర్ కూడా ఆ జాబితాలో ఉంది. ఆనాడు పాలమూరు నుంచో సిక్కోలు నుంచో వచ్చి మిషన్ పెట్టించుకున్న రైతును తలచుకోండి. ఆయన బ్యాటరీ 2016, 2017 ప్రాంతంలో అయిపోయి ఉంటుంది. అప్పటికి పథకం పెట్టిన ముఖ్యమంత్రి లేరు. ఆ రాష్ట్రం కూడా లేదు; 2014 జూన్ 2న రెండైంది. ఆంధ్రప్రదేశ్ వైపు పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. 2019లో వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది. 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని పది లక్షలకు పెంచి, రాజీవ్ ఆరోగ్యశ్రీగా మళ్లీ ముందుకు తెచ్చారు. ఆ రైతు రెండో బ్యాటరీ కూడా అరిగిపోయే వేళకు కార్డు మీద బొమ్మలు ఎన్నిసార్లు మారాయో లెక్కపెట్టుకోవచ్చు. ఆయన ఛాతీలో ఉన్న పరికరం ఏ కంపెనీది, ఏ నమూనా, ఎప్పటికి మార్చాలి అన్నది గుర్తుపెట్టుకుని ఇంటికి ఒక ఫోన్ చేసే ఏర్పాటు మాత్రం ఇన్ని పేర్లలో ఏ పేరు కిందా రాలేదు.

ఇది ఆరోగ్యశ్రీని తక్కువ చేసే మాట కాదు. ఆ పథకం లేకపోతే ఆ రైతుకు మొదటి బ్యాటరీ కూడా ఉండేది కాదు. పదేళ్ల తర్వాత ఆయన ఇంకా బతికి ఉండి, మార్పిడి కోసం ఎదురుచూస్తున్నాడంటే అది ఆ పథకపు విజయమే. ఆ విజయం తాలూకు బాధ్యతను మోయడానికి ఎవరూ ముందుకు రాకపోవడం గురించే ఇక్కడ చర్చ.

కేంద్రం సంగతీ వేరుగా లేదు. 2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన్ ఆరోగ్య యోజన కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు రక్షణ ఇస్తుంది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా దాన్ని విస్తరించారు. పేస్‌మేకర్ అవసరం వృద్ధాప్యంతో పెరుగుతుంది కనుక ఇది స్వాగతించదగిన అడుగు. అయితే ఆయుష్మాన్ భారత్ అయినా, ఆరోగ్యశ్రీ అయినా వైద్యాన్ని చూసే చూపు ఒక్కటే. రోగి ఆసుపత్రిలో చేరాలి, ప్యాకేజీకి అనుమతి రావాలి, చికిత్స జరగాలి, బిల్లు చెల్లించాలి, ఫైలు మూయాలి. ఆయుష్మాన్ కింద ఆసుపత్రిలో చేరడానికి ముందు మూడు రోజులు, తర్వాత పదిహేను రోజుల ఖర్చు లెక్కలోకి వస్తుంది. పదహారో రోజున ఆ రోగి మళ్లీ మామూలు పౌరుడు.

పేస్‌మేకర్ ఉన్న మనిషికి పదహారో రోజున అసలు కథ మొదలవుతుంది. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి పరికరాన్ని పరీక్షించాలి. తీగ కదిలిందా, బ్యాటరీ ఎంత మిగిలింది, గుండె సొంతంగా ఎంత కొట్టుకుంటోంది అన్నది చూసి అవసరమైతే సర్దుబాట్లు చేయాలి. దానికి ప్రోగ్రామర్ అనే యంత్రం కావాలి. ఒక కంపెనీ పేస్‌మేకర్‌తో మరో కంపెనీ ప్రోగ్రామర్ మాట్లాడదు. ఏ ఫోన్‌కైనా పనికొచ్చే ఛార్జర్ ఉండాలని ప్రభుత్వాలు చట్టాలు చేస్తున్న కాలంలో, మనిషి గుండెకు అమర్చిన యంత్రాన్ని చదవాలంటే ఆ కంపెనీ పెట్టె, ఆ కంపెనీ మనిషే రావాలి. జిల్లా కేంద్రాల్లో ఆ సదుపాయం అరుదు. నారాయణపేట నుంచో పాడేరు నుంచో ఒక వృద్ధుడు పది నిమిషాల తనిఖీ కోసం తోడుగా ఒక మనిషిని తీసుకుని మహానగరానికి రావాలి. ఆ మనిషి ఒకరోజు కూలి పోతుంది. ప్రయాణ ఖర్చు, బస, పరీక్ష ఫీజు అన్నీ సొంత జేబులోంచే. రెండేళ్లు వచ్చి మూడో ఏడు మానేస్తారు. ఒంట్లో బాగానే ఉంది కదా అనుకుంటారు. బ్యాటరీ బలహీనపడుతున్నప్పుడు పరికరం తనంతట తాను పొదుపు పద్ధతిలోకి మారుతుంది. రోగికి కాస్త ఆయాసం, కాస్త నీరసం. వయసైపోయింది అనుకుంటారు ఇంట్లోవాళ్లు. పూర్తిగా పరికరం మీదనే ఆధారపడిన గుండె అయితే, కళ్లు తిరిగి పడిపోయిన రోజునే అంబులెన్సులో ఆసుపత్రికి చేరతారు. ముందుగా తేదీ పెట్టుకుని ప్రశాంతంగా చేయించుకోవలసిన మార్పిడి అర్ధరాత్రి అత్యవసర చికిత్స అవుతుంది. అప్పుడు ఆ రోగి మళ్లీ పథకం కంట పడతాడు. ప్యాకేజీకి మళ్లీ అర్హుడవుతాడు.

ఆ రాత్రి ఆసుపత్రి సేవలు నడుస్తున్నాయా అన్నది వేరే ప్రశ్న. 2025లో తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు ప్రభుత్వ బకాయిలు పేరుకుపోయాయంటూ పథకం కింద సేవలు నిలిపివేసిన సందర్భాలున్నాయి. పరిమితిని పది లక్షలకు, పాతిక లక్షలకు పెంచామని ప్రకటించడానికి ఒక సభ సరిపోతుంది. పాత బిల్లులు చెల్లించడానికి ఏ సభా పెట్టరు కదా.

ధర విషయానికి వస్తే ఇంకో వింత కనిపిస్తుంది. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ గుండె స్టెంట్ల ధరలకు కళ్లెం వేసింది. మామూలు లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు, మందు పూత ఉన్నదానికి 29,600 రూపాయలు గరిష్ఠంగా నిర్ణయించింది. అంతకుముందు లక్షన్నర వరకు పలికిన సరుకు అది. ఢిల్లీ హైకోర్టులో ఒక న్యాయవాది వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఆ నిర్ణయానికి దారి తీసింది. అదే ఏడాది ఆగస్టులో మోకాలి కీళ్ల వంతు వచ్చింది. స్వాతంత్ర్య దినోత్సవం మర్నాడే ఉత్తర్వులు వెలువడ్డాయి. ఆ రెండు నిర్ణయాలనూ ప్రధాని తర్వాతి రోజుల్లో ఎన్నికల వేదికల మీద చెప్పుకున్నారు, చెప్పుకోదగ్గవే. పేస్‌మేకర్ దాకా ఆ చేయి రాలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నింటినీ ఔషధాల నిర్వచనంలోకి తెచ్చారు కనుక దానికీ ఒక నిబంధన వర్తిస్తుంది: గరిష్ఠ చిల్లర ధరను ఏడాదికి 10 శాతానికి మించి పెంచరాదు. మాట బాగానే ఉంది. ఏడాదికి పది శాతం చొప్పున పదేళ్లు పెంచుకుంటూ పోతే లక్ష రూపాయల వస్తువు రెండు లక్షల అరవై వేలకు చేరువవుతుంది. అంటే మొదటి పేస్‌మేకర్ కొన్న కుటుంబం మార్పిడి వేళకు రెండున్నర రెట్లు చెల్లించినా చట్టం ఉల్లంఘన జరగనట్టే. పోటీ వల్ల ధరలు అంతగా పెరగకపోవచ్చు. పెరగకుండా చూసే పనిని ప్రభుత్వం పోటీకి వదిలేసింది.

స్టెంటుకు దొరికిన రాజకీయం పేస్‌మేకర్‌కు ఎందుకు దొరకలేదు? స్టెంట్లు వేయించుకునేవారిలో నలభైల్లో, యాభైల్లో ఉన్నవారు ఎక్కువ, ఇంటి సంపాదనపరులు, వారి చుట్టూ మాట్లాడే మధ్యతరగతి ఉంది. పేస్‌మేకర్ రోగుల్లో అత్యధికులు వృద్ధులు. వారు ఊరేగింపు తీయరు. వారి బాధ టీవీ చర్చకు ఎక్కదు. ఓటు వేసేది వారే అయినా, ఓటు అడిగేవారికి వారు పింఛను లబ్ధిదారులుగానే కనిపిస్తారు.

పేస్‌మేకర్ చరిత్రే ఒక మార్పిడుల చరిత్ర. 1958 అక్టోబరు 8న స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఆసుపత్రిలో ఆర్నె లార్సన్ అనే 43 ఏళ్ల వ్యక్తి శరీరంలో ప్రపంచంలోనే మొదటిసారిగా పేస్‌మేకర్ అమర్చారు. రోజుకు ఇరవై ముప్పై సార్లు స్పృహ తప్పి పడిపోతున్న భర్తను ఎలాగైనా బతికించమని భార్య ఎల్సె మారియె పట్టుబట్టడంతో శస్త్రవైద్యుడు ఓకె సెన్నింగ్, ఇంజినీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ కలిసి చేసిన సాహసం అది. ఆ మొదటి యంత్రం కొన్ని గంటలకే ఆగిపోయింది. రెండోది అమర్చారు. అలా జీవితకాలంలో ఆయనకు ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చారు. 2001 డిసెంబరులో 86 ఏట ఆయన మరణించింది చర్మ క్యాన్సర్‌తో, గుండె జబ్బుతో కాదు. తనను బతికించిన వైద్యుడు, ఇంజినీరు ఇద్దరికంటే ఆయనే ఎక్కువకాలం బతికారు. మొదటి ఆపరేషన్ ప్రపంచ వార్త అయింది. ఆయనను నలభై మూడేళ్లు నిలబెట్టినవి ఏ పత్రికా రాయని తక్కిన ఆపరేషన్లు.

స్వీడన్ ఆ అనుభవాన్ని వ్యవస్థగా మార్చుకుంది. 1989 నుంచి అక్కడ జాతీయ పేస్‌మేకర్ రిజిస్ట్రీ నడుస్తోంది. ఎవరికి ఏ పరికరం అమర్చారు, ఏ తీగ వేశారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు అన్నది నమోదవుతుంది. ఒక నమూనాలో లోపం బయటపడితే ఆ నమూనా ఎవరెవరి ఛాతీలో ఉందో వెతికే అవసరం రాదు. మన దేశంలో ప్రభుత్వం నడిపే అలాంటి రిజిస్ట్రీ లేదు. అది లేకపోతే ఏమవుతుందో తుంటి కీళ్ల వ్యవహారం చూపించింది. జాన్సన్ అండ్ జాన్సన్ అనుబంధ సంస్థ డిప్యూ తయారుచేసిన ఏఎస్ఆర్ తుంటి కీళ్లను 2010లో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచారు. భారత్‌లో సుమారు 4,700 శస్త్రచికిత్సల్లో వాటిని వాడినట్టు తర్వాత కేంద్రం నియమించిన నిపుణుల కమిటీ తేల్చింది. అందులో దాదాపు 3,600 మంది ఆచూకీ దొరకలేదు. పరిహారం ఇస్తామన్నా పుచ్చుకునే మనిషి ఎక్కడున్నాడో తెలియని స్థితి. 2018 నవంబరులో అంతర్జాతీయ పరిశోధక పాత్రికేయులు వెలువరించిన 'ఇంప్లాంట్ ఫైల్స్' కథనాలు ఈ లోపాన్ని ప్రపంచం ముందు పెట్టాయి. కొన్నాళ్లు చర్చ జరిగింది. పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేయడానికి 2015లోనే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైన మాట నిజమే. అది జరిగిన హానిని ఎవరైనా తెలియజేస్తే నమోదు చేసే ఏర్పాటు. ఎవరి శరీరంలో ఏముందో చెప్పే జాబితా మాత్రం అది కాదు.

కంపెనీల వైపు నుంచి చూస్తే మార్పిడి ఒక మార్కెట్. 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు హృద్రోగ వైద్యులు ఈ విషయాన్ని మొహమాటం లేకుండా రాశారు. బ్యాటరీ ఎక్కువకాలం పనిచేసేలా చేయడం సాంకేతికంగా సాధ్యమే అయినా, తరచుగా మార్చడం వల్ల తయారీదారులకూ, ఆపరేషన్‌కు ఇంత అని రాబడి వచ్చే ఆసుపత్రులకూ లాభమే కనుక దీర్ఘాయువు మీద ఒత్తిడి లేదన్నది వారి వాదన. రోగులను అడిగితే చిన్న పరికరం కంటే ఎక్కువకాలం పనిచేసే పరికరాన్నే కోరుకుంటారని కూడా వారు గుర్తు చేశారు. మన ప్రభుత్వ పథకాలు కోట్ల కుటుంబాల తరఫున కొనుగోలు చేస్తున్నాయి. ఇంత పెద్ద కొనుగోలుదారు పన్నెండేళ్ల లోపు ఆగిపోయే పరికరం వద్దని, ఆగిపోతే కొత్తది ఉచితంగా ఇవ్వాలని షరతు పెడితే ఏ కంపెనీ కాదనగలదు? ప్యాకేజీ ధర ఇంత అని రాసి, ఆ ధరలో ఏ పరికరం పెట్టాలో ఆసుపత్రికి వదిలేస్తే, అతి చౌకగా దొరికేదే పెడతారు. దాని ఆయుష్షు తక్కువైతే భరించేది రోగి.

దేశంలో అమరుస్తున్న పేస్‌మేకర్లలో ఎక్కువ భాగం దిగుమతులే. మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో ఒక దేశీయ సంస్థ దశాబ్దాలుగా పేస్‌మేకర్లు తయారుచేస్తున్నా విపణిలో పెత్తనం విదేశీ కంపెనీలదే. 1990ల చివర్లో హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, ఏపీజే అబ్దుల్ కలాం కలిసి చౌక స్టెంటును రూపొందించిన చరిత్ర మనకుంది. తర్వాతి కాలంలో విశాఖలో మెడ్‌టెక్ జోన్, సుల్తాన్‌పూర్‌లో పరికరాల పార్కు వచ్చాయి. 2020లో కేంద్రం ప్రకటించిన ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాల పథకంలో శరీరంలో అమర్చే ఎలక్ట్రానిక్ పరికరాలనూ చేర్చారు. స్వదేశీ నినాదానికి ఇంతకంటే తగిన సరుకు దొరకదు. ఆ నినాదం ఇంకా గుండె దాకా రాలేదంతే.

ఇంటి లోపలి సంగతి కూడా కొంత చెప్పుకోవాలి. మార్పిడి కోసం వచ్చే మనిషి మొదటి ఆపరేషన్ నాటి మనిషి కాడు. అప్పుడు అరవై అయిదు, ఇప్పుడు డెబ్బై ఆరు. మధుమేహం వచ్చి ఉండవచ్చు, మూత్రపిండాలు మందగించి ఉండవచ్చు. అప్పుడు సంపాదనో పింఛనో ఉండేది. ఇప్పుడు నిర్ణయం కొడుకు చేతిలో. ఏ రకం పేస్‌మేకర్ పెట్టాలి, ఒక తీగదా రెండు తీగలదా, ఎంఆర్ఐ తీయించుకోవడానికి వీలైనదా అన్న ప్రశ్నలు ఆసుపత్రి కౌంటర్ దగ్గర ధరల పట్టికగా ఎదురవుతాయి. నాన్నకు మంచిదే పెట్టండి అనాలో, ఎంతలో అవుతుంది అని అడగాలో తెలియక తల్లడిల్లే కొడుకుల మీదనే ఈ వ్యాపారమంతా నడుస్తోంది. తండ్రిని ఎవరూ అడగరు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, మంచం పట్టి మతిమరుపు ముదిరిన మనిషి, నాకిక వద్దని అనవచ్చా? 2018 మార్చిలో సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో గౌరవంగా మరణించే హక్కును జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. 2023లో ముందస్తు వీలునామా విధానాన్ని సులభతరం చేసింది. తీర్పు ఉంది. దాన్ని రోగికి వివరించే తీరిక ఉన్న వైద్యుడు, వినే ధైర్యం ఉన్న కుటుంబం అరుదు.

దేశాల సరిహద్దులు కూడా ఈ చిన్న డబ్బాకు అడ్డొస్తాయి. దక్షిణాసియాలో గుండె వైద్యానికి భారత్ పెద్ద దిక్కు. కోల్‌కతా, చెన్నై, వెల్లూరు, హైదరాబాద్, ఢిల్లీ ఆసుపత్రుల్లో బంగ్లాదేశ్ రోగులు ఏళ్ల తరబడి కనిపించారు. 2024 ఆగస్టులో షేక్ హసీనా ప్రభుత్వం కూలిన తర్వాత వీసాలను భారత్ బాగా కుదించింది. అత్యవసర వైద్య వీసాలు మిగిలినా రాకపోకలు మునుపటిలా లేవు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం ఉగ్రదాడి తర్వాత పాకిస్తానీయుల వైద్య వీసాలు సైతం ఏప్రిల్ 29తో చెల్లకుండా పోయాయి. ఉగ్రవాదం పట్ల కఠినంగా ఉండటాన్ని ఎవరూ తప్పుపట్టరు. కాకపోతే ఒక దేశంలో అమర్చిన పరికరానికి తనిఖీ, మార్పిడి అదే వైద్య బృందం చేతిలో జరగడం రోగికి క్షేమం. పాత రోగుల తిరుగు సందర్శనలకు ఒక ప్రత్యేక మినహాయింపు ఇచ్చినంత మాత్రాన దేశ భద్రతకు వచ్చే లోటేమీ లేదు.

మార్పిడి భారాన్ని తగ్గించే ఒక దారిని ముంబయి ఎప్పుడో చూపించింది. అమెరికాలో మరణించినవారి శరీరాల నుంచి కుటుంబాల అనుమతితో తీసిన, బ్యాటరీ ఇంకా మిగిలి ఉన్న పేస్‌మేకర్లను శుద్ధిచేసి బాంద్రాలోని హోలీ ఫ్యామిలీ ఆసుపత్రిలో 53 మంది నిరుపేదలకు అమర్చారు. 2011లో ఆ ఫలితాలు వెలువడ్డాయి; ఎవరికీ ఇన్ఫెక్షన్ సోకలేదు. మెక్సికో, మధ్య అమెరికా దేశాల్లో ఇలాంటి పరికరాలు పెట్టించుకున్న వెయ్యిమందికి పైగా రోగులను కెనడాలో కొత్తవి పెట్టించుకున్నవారితో పోల్చి 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనం, ఇన్ఫెక్షన్ల విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. దహనానికి ముందు పేస్‌మేకర్‌ను తీసివేయాలి, లేకపోతే చితి మీద బ్యాటరీ పేలుతుంది. అంటే దహన సంస్కారం ఆచారంగా ఉన్న ఈ దేశంలో పరికరాన్ని వెలికి తీయడం ఎలాగూ జరగాల్సిన పని. తీసిన తర్వాత అది ఎక్కడికి పోతోంది? కళ్లు దానం చేసే కుటుంబం దీన్ని దానం చేయడానికి ఎందుకు వెనకాడుతుంది? పకడ్బందీ నిబంధనలు లేకపోతే పాతదాన్ని కొత్తదిగా అమ్మే దొంగ వ్యాపారానికి దారి తెరిచినట్టేనన్న భయం సహేతుకమే. ఆ భయానికి విరుగుడు ప్రతి పరికరాన్నీ సంఖ్యతో సహా నమోదు చేసే రిజిస్ట్రీ. అన్ని దారులూ తిరిగి అక్కడికే వస్తున్నాయి.

దీనికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త పేరు అసలే అక్కర్లేదు. ప్రజాధనంతో అమర్చిన ప్రతి పేస్‌మేకర్ వివరాలూ ఆయుష్మాన్, ఆరోగ్యశ్రీ కంప్యూటర్లలో బిల్లుల రూపంలో ఇప్పటికే ఎంతో కొంత ఉన్నాయి; వాటినే తొలి జాబితాగా మలచవచ్చు. ఏడాదికి రెండు తనిఖీలను ప్యాకేజీలో చేర్చవచ్చు. ప్రభుత్వానికి అమ్మే కంపెనీ తన ప్రోగ్రామర్‌ను ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఉంచాలని టెండరులోనే రాయవచ్చు. దేశంలో వైద్య కళాశాలలు ఏడు వందలు దాటాయని కేంద్రం తరచూ చెబుతోంది. పాడేరులోనూ ఒకటి వచ్చింది, నారాయణపేటలోనూ వచ్చింది. అక్కడ ఒక యంత్రం, దాన్ని వాడటం తెలిసిన ఒక ఉద్యోగి ఉంటే ఆ వృద్ధుడు బస్సెక్కి నగరానికి రావాల్సిన పని తప్పుతుంది.

రాంచీ సభ జరిగిన తొలి ఏడాదిలో ఆయుష్మాన్ కింద అమర్చిన పేస్‌మేకర్లకు 2028 ప్రాంతంలో బ్యాటరీలు మార్చాల్సి వస్తుంది. పరికరం రకాన్ని బట్టి కొందరికి ఈపాటికే ఆ కబురు అంది ఉంటుంది. తర్వాతి లోక్‌సభ ఎన్నికలు 2029లో.